మాట ఎక్కడ తెగాలి

2020 డిసెంబరు 12 తెల్లవారుజామున కోలారు జిల్లా నరసాపురం పారిశ్రామిక వాడలో, ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ కర్మాగారంలో అద్దాలు పగిలాయి. ఫోన్లలో తీసిన ఆ దృశ్యాలు పొద్దెక్కేలోగా దేశమంతా చుట్టివచ్చాయి. వాటితో ఒక డాక్యుమెంటరీ మొదలుపెడితే చూసేవాళ్ల మనసులో ముందుగా నాటుకునేది గుంపు, విధ్వంసం. సంఘటన జరిగిన వారానికి కంపెనీయే ఒక ప్రకటన చేసింది. కొందరు కార్మికులకు జీతాలు సరిగా, సమయానికి అందలేదని ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది, భారతదేశంలో తన వ్యాపారం చూసే ఉపాధ్యక్షుణ్ణి తప్పించింది. ఆపిల్ కూడా విస్ట్రాన్‌కు కొత్త పనులు ఇవ్వడం ఆపింది. సినిమాను ఈ ప్రకటనతో మొదలుపెట్టి, ఒక కార్మికుడు తన జీతం లెక్క చెప్పుకునే మాటలు వినిపించి, ఆ తర్వాత పగిలిన అద్దం చూపిస్తే, అదే అద్దం ఇంకోలా కనిపిస్తుంది.

రెండు వరుసల్లోనూ ఒక్క షాటు కూడా అబద్ధం కాదు. అయినా రెండు సినిమాలూ ఒకటి కావు. ఏది ముందు, ఏది వెనక, ఏ మాట ఎక్కడ తెగాలి, ఎవరి ముఖం మీద ఎంతసేపు నిలవాలి అన్న నిర్ణయాలన్నీ జరిగేది ఎడిటింగ్ బల్ల దగ్గర. ఆ బల్ల ఎవరింట్లో ఉంది, దాని ముందు కూర్చున్న మనిషికి ఆ ఊరి మాట ఎంత తెలుసు అన్నది సినిమా నిజాయితీకి సంబంధించిన ప్రశ్న. స్వతంత్ర డాక్యుమెంటరీని ఇంట్లో ఎడిట్ చేసుకోవడం డబ్బులేమి వల్ల వచ్చిన సర్దుబాటుగా చాలామంది చూస్తారు. డాక్యుమెంటరీకి కావలసిన రెండు పెట్టుబడులు, అంటే తీరికైన కాలం, మాట ఎరిగిన చెవి, ఇంట్లోనే దొరుకుతాయని నా నమ్మకం.

కోలారు లాంటి చోట ఆ చెవి మరీ అవసరం. ఈ జిల్లాలో రాజ్య భాష కన్నడం. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పల్లెల్లో ఇంటింటా తెలుగు. బంగారు గనుల కాలనీల్లో తమిళం. పాత బజారుల్లో దక్కనీ ఉర్దూ. ఒకే మనిషి పొద్దున ఇంట్లో తెలుగు మాట్లాడి, ఆఫీసులో కన్నడం మాట్లాడి, సాయంత్రం గని స్నేహితుడితో తమిళంలో నవ్వుకుంటాడు. 2018లో వచ్చిన ‘కెజియఫ్’ సినిమా ఈ నేల పేరును దేశమంతా మోగించింది. అక్కడి సైనైడ్ దిబ్బల మీద చిత్రీకరణ కూడా జరిగింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూతపడేదాకా మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి పనిచేసిన కుటుంబాల సొంత మాట మాత్రం ఆ మోతలో వినపడదు. అది వినిపించే పని డాక్యుమెంటరీది. అందులో సగానికి పైగా పని ఎడిటింగ్‌ది.

ముందు వినాలి

ఫిల్ము రోజుల్లో పదహారు మిల్లీమీటర్ల రీలు నాలుగు వందల అడుగులది వేస్తే దాదాపు పదకొండు నిమిషాలు నడిచేది. రీలు ఖరీదు తలచుకుని కెమెరామన్ ఆచితూచి బటన్ నొక్కేవాడు. ఎంపికలో కొంత భాగం చిత్రీకరణ దగ్గరే అయిపోయేది. ఇప్పుడు ఫోన్‌లోనైనా గంటల తరబడి తీయవచ్చు. ఆ రోజుల్లో చిత్రీకరణ మోసిన బరువు ఇప్పుడు ఎడిటింగ్ మీదికి వచ్చిపడింది. అందుకే మొదటి పని కోయడం కాదు, తీసిందంతా వినడం.

తీసిన ముడి దృశ్యాలను రషెస్ అంటారు. వాటిని మొదటిసారి ఆపకుండా, ముందుకు జరపకుండా చూడాలి. ఒళ్లు జలదరించిన చోటు, విసుగు పుట్టిన చోటు, అర్థంకాక మళ్లీ వినాలనిపించిన చోటు టైమ్‌కోడ్‌తో సహా నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఈ మొదటి స్పందన చాలా విలువైనది. నెలల తరబడి అవే దృశ్యాలు చూశాక ఎడిటర్ మనసు మొద్దుబారుతుంది. మొదటిసారి చూసే ప్రేక్షకుడికి ఎలా తగులుతుందో చెప్పే సాక్ష్యం అప్పటికి ఆ నోటుపుస్తకం ఒక్కటే.

రెండోసారి లాగింగ్. ప్రతి క్లిప్పుకు తేదీ, చోటు, మనిషి, భాష, విషయం రాసుకోవడం. ‘చెరువు 3’ అని రాసుకుంటే ఆరు నెలల తర్వాత ఏమీ గుర్తురాదు. ‘నరసాపురం చెరువుకట్ట, సాయంత్రం, గొర్రెల కాపరి, తెలుగు, బోర్ల గురించి, చివర నవ్వు’ అని రాసుకుంటే వెతికిన క్షణంలో దొరుకుతుంది. గంటకు ఇంతని అద్దె కట్టే స్టూడియోలో ఇలాంటి లాగింగ్‌కు తీరిక దొరకదు. అక్కడ అందరి చూపూ గడియారం మీదే ఉంటుంది.

మూడో పని మాటలను రాత పెట్టడం. ఇక్కడే ఇంటి భాష తెలిసిన మనిషి విలువ తెలుస్తుంది. ‘బోర్లో నీళ్లు యాడుండాయి సామీ’ అని రైతు అంటే అలాగే రాయాలి. దాన్ని ‘బోరుబావిలో నీరు లేదు’ అని బడిభాషలోకి దిద్దితే సమాచారం మిగులుతుంది, మనిషి పోతాడు. అతని మాటలో ఉన్న నిస్సహాయత, ఎదుటివాణ్ణి ప్రశ్నిస్తూ చెప్పే తీరు ఆ దిద్దుబాటులో ఎగిరిపోతాయి. ఎడిటర్ ఆ దిద్దిన కాగితాన్ని చూసే కోత నిర్ణయిస్తే తప్పు అక్కడే మొదలవుతుంది.

కాగితం మీద కూర్పు

రాతప్రతులు సిద్ధమయ్యాక చాలామంది ఎడిటర్లు కంప్యూటర్ దగ్గరికి వెళ్లకుండా కాగితం మీదే సినిమా కూర్చుకుంటారు. ముఖ్యమైన మాటలను చీటీలుగా కత్తిరించి, దృశ్యాలకు వేరే రంగు చీటీలు పెట్టి, నేల మీదో గోడ మీదో వరుస పేర్చడం. ఇంట్లో పనిచేసేవాళ్లకు ఇందులో గొప్ప వెసులుబాటు ఉంది. ఆ గోడ వారాలపాటు అలాగే ఉంటుంది. వస్తూ పోతూ కంటపడుతుంది. ఒకనాడు అనుకోకుండా రెండు చీటీలు తారుమారు చేయాలని తడుతుంది.

కాగితంలో ఒక ప్రమాదమూ ఉంది. కాగితం మీద పిడుగులా కనిపించిన వాక్యాన్ని ఆ మనిషి నీరసంగా, ఎవరో నేర్పినట్టు పలికి ఉండవచ్చు. ‘ఏముంది, అంతే’ అన్న రెండు మాటలు కాగితం మీద శూన్యంగా కనిపిస్తాయి. గనిలో చేయి పోగొట్టుకున్న పెద్దాయన వాటిని ఎలా అన్నాడో వింటేగాని సినిమాకు అవే వెన్నెముక అని తెలియదు. కాబట్టి చీటీల వరుసను టైమ్‌లైన్ మీద పెట్టి, కళ్లు మూసుకుని వినాలి. గొంతు ఒప్పుకోని చీటీని గోడ మీంచి తీసేయాలి.

ఇలా వచ్చిన మొదటి కూర్పు చాలా పొడుగ్గా ఉంటుంది. గంట సినిమాకు అయిదారు గంటల కూర్పు రావడం మామూలే. దాన్ని చూసి బెంబేలెత్తి ఒక్కసారిగా నరికేయకూడదు. ముందు ఒకే విషయాన్ని ఇద్దరు చెప్పిన చోట ఒకరిని ఉంచాలి. తర్వాత, బొమ్మే చెబుతున్న దాన్ని మాట కూడా చెబుతుంటే మాటను తీసేయాలి. ఆ పైన, చూసేవాడికి ఇంకా పుట్టని ప్రశ్నకు ముందే జవాబు చెప్పే భాగాలను వెనక్కి జరపాలి. ఈ మూడు వడపోతలతోనే పొడవు చాలావరకు దిగుతుంది. అన్నిటికన్నా కష్టమైంది చివరి వడపోత. ఎంతో అందంగా వచ్చిన షాటు, కథకు అక్కర్లేదని తేలినప్పుడు పక్కన పెట్టడం.

క్రియ దాకా ఆగాలి

ఇంగ్లీషు పుస్తకాల్లో నేర్పే కోత సూత్రాలు తెలుగు మాటకు నేరుగా అతకవు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఎవరు, ఎప్పుడు, అవునా కాదా, గౌరవమా చిన్నచూపా అన్నదంతా ఆ చివరి పదంలోనే తేలుతుంది. ‘జీతం ఇస్తామన్నారు’ దగ్గర కోస్తే ఒక అర్థం. ‘జీతం ఇస్తామన్నారు గానీ ఇయ్యలే’ దాకా ఉంచితే దానికి పూర్తిగా ఎదురు అర్థం. మాట తెలియని ఎడిటర్ శబ్దతరంగం పడిపోయిన చోటు చూసి, అక్కడ వాక్యం ముగిసిందనుకుంటాడు. మన పల్లె మాటలో ‘గానీ’కి ముందు పెద్ద విరామం వస్తుంది. తెరమీద చదునుగా కనిపించే ఆ విరామంలో మనిషి ఆలోచిస్తున్నాడు, చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నాడు. ఆ విరామమే ఒక్కోసారి మొత్తం ఇంటర్వ్యూలో అతి నిజమైన క్షణం.

కోత పెట్టే చోటు మూడు రకాలుగా దొరుకుతుంది. ఒకటి ఊపిరి. మనిషి గాలి పీల్చబోయే ముందు కోస్తే తర్వాతి షాటు ఆ ఊపిరిని అందుకుంటుంది. రెండోది చూపు. మాట్లాడుతున్న మనిషి కళ్లు తిప్పి ఎటో చూస్తే, ఆ చూపు వెంట మరో దృశ్యంలోకి వెళ్లవచ్చు. మూడోది రెప్పపాటు. ‘గాడ్‌ఫాదర్’, ‘అపోకలిప్స్ నౌ’ సినిమాలకు పనిచేసిన వాల్టర్ మర్చ్ 1995లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని విపులంగా చర్చించాడు. మనిషి ఆలోచన ముగిసిన చోట రెప్ప వేస్తాడని, కోత కూడా అక్కడే సహజంగా ఉంటుందని ఆయన వాదన. ఏ కోతకైనా భావం సరిపోవడానికే ఆయన యాభై ఒక్క శాతం విలువ ఇస్తాడు. కథ, లయ, మిగతావన్నీ ఆ తర్వాతే. ఇది కథాచిత్రాల అనుభవం నుంచి వచ్చిన లెక్క. డాక్యుమెంటరీలో ఆ యాభై ఒక్క శాతానికి ముందే ఇంకొకటి చేరాలి: ఆ మనిషి చెప్పదలచుకున్నది చెదరకూడదు.

అందుకే ఈ పనిలో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఒకచోటి సగం వాక్యాన్ని మరోచోటి సగంతో అతికి, ఆ మనిషి ఎన్నడూ అనని మాటను పుట్టించకూడదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌తో అది నిమిషంలో అయిపోయే పని, ఎవరికీ అనుమానం కూడా రాదు. మధ్యలో కొంత తీసేసినప్పుడు బొమ్మ ఎగిరినట్టు కనిపిస్తుంది. దాన్ని కప్పడానికి చేతుల దగ్గరి దృశ్యమో, కిటికీ అవతలి చెట్టో వేయడం అలవాటు. కప్పడం తప్పు కాదు. అర్థం మారేంత భాగం తీసినప్పుడు మాత్రం ఆ కుదుపును అలాగే కనిపించనివ్వడమో, క్షణం పాటు నల్లతెర పెట్టడమో మర్యాద. ఇక్కడ ఏదో తీశాం అని చూసేవాడికి చెప్పినట్టు ఉంటుంది.

భాష మారే చోటు కూడా అలాంటిదే. కోలారులో ఒక తల్లి కూతురి గురించి తెలుగులో చెబుతూ, బస్సుల సంగతి రాగానే కన్నడంలోకి మారుతుంది, ఎందుకంటే ఆ మాట ఆమె అధికారుల ముందు ఎన్నోసార్లు చెప్పింది కన్నడంలోనే. ఆ మలుపు దగ్గర కోసేసి రెండు భాషల ముక్కలను వేరువేరు చోట్ల వాడితే, ఆమె బతుకులో ఇల్లు ఎక్కడ ముగిసి ప్రభుత్వం ఎక్కడ మొదలైందో చెప్పే గీత చెరిగిపోతుంది. మలుపును ఉంచాలి. సబ్‌టైటిల్లో కూడా భాష మారిందని తెలిసేలా రంగో అక్షరశైలో మార్చాలి.

చెవితో అతుకు

చూసేవాళ్లు కోతను ముందు చెవితో పసిగడతారు. రెండు షాట్ల మధ్య వెనకాల శబ్దం తేడా వస్తే కన్ను క్షమించినా చెవి క్షమించదు. అందుకే చిత్రీకరణ జరిగిన ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా నిమిషం పాటు ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి. దీన్ని రూమ్ టోన్ అంటారు. జాతీయ రహదారి పక్కన నరసాపురం ఇంట్లో నిశ్శబ్దంలో లారీల జీర ఉంటుంది. గనుల కాలనీలోని రేకుల ఇంట్లో నిశ్శబ్దం ఇంకోలా ఉంటుంది. కోతల కింద ఆ నిశ్శబ్దాన్ని పరిస్తే అతుకులు మాయమవుతాయి.

శబ్దాన్ని బొమ్మకన్నా ముందు తీసుకురావడం, బొమ్మ మారినా పాత శబ్దాన్ని సాగనివ్వడం ఇంకో విద్య. మొదటిదాన్ని జె-కట్, రెండోదాన్ని ఎల్-కట్ అంటారు. టైమ్‌లైన్ మీద ఆ అక్షరాల ఆకారంలో కనిపించడమే ఈ పేర్లకు కారణం. టమాట తోటలో కాయలు కోస్తున్న ఆడవాళ్ల మీదే, ఇంకా తోట కనిపిస్తుండగానే, కోలారు మార్కెట్ వేలం కేకలు వినిపిస్తే, ఈ కాయల ధర వీళ్ల చేతిలో లేదని ఒక్క మాట లేకుండా తెలుస్తుంది. మాజీ గని కార్మికుడి గొంతు సాగుతుండగానే మూతపడిన గని షాఫ్టు మీది ఇనుప చట్రం వస్తే, గతం ఆ ఇనుములో నిలిచి కనిపిస్తుంది. ఇలాంటి చోట వ్యాఖ్యాత గొంతు అక్కర్లేదు, నేపథ్య సంగీతమూ అక్కర్లేదు. సంగీతంతో దుఃఖాన్ని అరువు తెచ్చుకునే డాక్యుమెంటరీ, తన దృశ్యాల మీద తనకే నమ్మకం లేదని ఒప్పుకున్నట్టే.

కాలమే పెట్టుబడి

ఏడాది పొడుగునా పారే నది లేని కోలారు జిల్లా చెరువుల మీద, బోర్ల మీద బతికింది. 2018 జూన్‌లో బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఇక్కడి చెరువులు నింపే కె.సి. వ్యాలీ పథకం నీళ్లు వదిలారు. నరసాపురం చెరువు కూడా ఆ నీళ్ల దారిలోనే ఉంది. జులైలో లక్ష్మీసాగర చెరువులో నురగ తేలింది. నీళ్లు ఆగాయి, కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తర్వాత నీళ్లు మళ్లీ పారాయి. ఎండిన చెరువులు నిండాయి. ఆ నీటి నాణ్యత మీద అనుమానాలు ఆగలేదు.

నురగ రోజు మాత్రమే తీసినవాడికి ఒక సినిమా వస్తుంది. చెరువు నిండిన రోజు తీసినవాడికి దానికి ఎదురు సినిమా వస్తుంది. ఆ రెండు రోజుల మధ్య ఏళ్లు గడిపినవాడి దగ్గరే రైతు ఆశ, భయం ఒకే గొంతులో వినిపించే సినిమా ఉంటుంది. అలాంటి సినిమాను నిర్ణీత గడువులో ముగించమంటే కుదరదు. ఎడిటింగ్ కూడా చిత్రీకరణతో పాటే సాగాలి. కూర్చి చూసుకున్నప్పుడు ఏమి లేదో తెలుస్తుంది, మళ్లీ వెళ్లి తీసుకురావాలి. కెమెరాకు, ఎడిటింగ్ బల్లకు మధ్య ఈ రాకపోకలు ఊళ్లోనే ఉన్నవాళ్లకు సాధ్యం.

ఆనంద్ పట్వర్ధన్ ‘జై భీమ్ కామ్రేడ్’ దీనికి పెద్ద ఉదాహరణ. 1997 జులైలో ముంబై రమాబాయి నగర్‌లో దళితుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఆ తర్వాత కవి, గాయకుడు విలాస్ ఘోగ్రే ఆత్మహత్య చేసుకున్నాడు. పట్వర్ధన్ అప్పటి నుంచి పద్నాలుగేళ్లు ఆ మనుషుల వెంట ఉండి, తానే ఎడిట్ చేసుకుని, 2011లో సినిమాను బయటికి తెచ్చాడు. నిర్మాణ సంస్థ ఏదీ ఇంత కాలం ఓపిక పట్టదు.

పస్తాపూర్ చెప్పిన పాఠం

తెలుగు నేల మీద ఈ విద్యకు గట్టి పునాది వేసినవాళ్లు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు. చిన్నకారు రైతులు, ఎక్కువమంది దళితులు, బడి ముఖం చూడనివాళ్లు. దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన అనుభవమున్న పి.వి. సతీష్ ఆధ్వర్యంలో వాళ్లు వీడియో నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల దగ్గరికి పంట కాలం పొడుగునా మళ్లీ మళ్లీ వెళ్లి, మొక్క ఎదుగుతున్నకొద్దీ వాళ్ల మాట ఎలా మారిందో రికార్డు చేశారు. ఆ రైతుల కోపానికి కారణమేమిటని అడుగుతూ వాళ్లు తీసిన చిత్రం 2003లో వచ్చింది. మూడేళ్ల అనుభవంతో దాని కొనసాగింపు 2005లో వచ్చింది.

ఆ చిత్రాల బలం వరుసలో ఉంది. విత్తేనాటి ఆశను చూడకపోతే కోతనాటి కోపం అర్థం కాదు. నిపుణుడి మాటతో మొదలుపెట్టి రైతు మాటను ఉదాహరణగా వాడుకునే సినిమాలే మనకు అలవాటు. పస్తాపూర్ మహిళలు రైతు అనుభవాన్నే సాక్ష్యంగా నిలబెట్టారు. కెమెరా ఎత్తుకు కూడా వాళ్లు తమ బతుకు నుంచి పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాటు. ఎదుటి మనిషి కంటి ఎత్తులో పెట్టేది సంఘం షాటు, ఎందుకంటే సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు. ఎడిటింగ్‌కూ ఇదే కొలత వేయవచ్చు. ఎవరి మాట పూర్తిగా వినిపించాం, ఎవరిని మధ్యలో ఆపేశాం, ఎవరి పేరు తెరమీద వేశాం, ఎవరిని ఉత్తి ‘కూలీ’ అని వదిలేశాం అని చూసుకుంటే, మన కూర్పు పటేలుదా సంఘానిదా తెలిసిపోతుంది.

ఇంటి బల్ల మీద

సరంజామా గురించి భయపడేవాళ్లు చాలామంది. కొంత లెక్క తెలిస్తే భయం తగ్గుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసిన 4కె వీడియో గంటకు దాదాపు 45 గిగాబైట్లు. వంద గంటలు తీస్తే నాలుగున్నర టెరాబైట్లు. మామూలు కంప్యూటర్ దాన్ని నేరుగా నడపలేక నత్తనడక నడుస్తుంది. అందుకు ప్రాక్సీలు చేసుకోవాలి. ప్రతి క్లిప్పుకు తక్కువ నాణ్యత నకలు తయారుచేసి, వాటితో ఎడిట్ చేసి, చివర అసలు క్లిప్పులకు కలపడం. డావించీ రిజాల్వ్ ఉచిత రూపం, పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన కెడెన్‌లైవ్ ఈ పని చేసిపెడతాయి.

ఖర్చు ఎక్కడ తగ్గించినా నకళ్ల దగ్గర తగ్గించకూడదు. ముడి దృశ్యాలు మూడు చోట్ల ఉండాలి, రెండు వేరువేరు రకాల నిల్వల్లో, అందులో ఒకటి వేరే ఇంట్లో. పోయిన పెద్దమనిషి గొంతును మళ్లీ రికార్డు చేయలేం. కరెంటు పోయివచ్చే ఊళ్లలో యూపీఎస్ లేకుండా డిస్కు తగిలించి పనిచేయడం ప్రమాదం. మంచి హెడ్‌ఫోన్లు, ఒక జత మామూలు స్పీకర్లు రెండూ కావాలి. చివరగా ఫోన్‌లో కూడా విని చూడాలి, ఎక్కువమంది చూసేది అందులోనే.

ఇంట్లో చేసిన సినిమా ఎంత దూరం వెళ్లగలదో జొనాథన్ కవెట్ ‘టార్నేషన్’ చూపించింది. తన తల్లి మానసిక వేదన, తన బాల్యం గురించి ఇరవై ఏళ్ల ఇంటి వీడియోలు, ఫొటోలు, ఫోను సందేశాలు పెట్టి ఐమూవీలో కూర్చిన ఆ చిత్రం ఖర్చు 218 డాలర్లని ప్రచారమైంది. 2004లో సన్‌డాన్స్‌కు, కాన్‌కు వెళ్లింది. థియేటర్లలో విడుదల చేయడానికి పాటల, క్లిప్పుల హక్కులు కొనుక్కోవలసి వచ్చేసరికి ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది. ఇంటి ఎడిటర్లకు అందులో సూటి హెచ్చరిక ఉంది. నేపథ్యంలో టీవీలో మోగిన సినిమా పాట కూడా ఒకరి ఆస్తి. దాన్ని తీయాలా, అనుమతి తేవాలా అన్నది మొదటి కూర్పులోనే తేల్చుకోవాలి.

రెండో కన్ను

ఇంటి ఎడిటింగ్‌కు ఒక లోటుంది, ఒంటరితనం. అవే దృశ్యాలు పదేపదే చూసిన కన్నుకు ఏది అర్థమవుతోందో, ఏది కావడం లేదో తెలియదు. 1929 నాటి ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’లో జిగా వెర్తోవ్ ఈ నిజాన్ని తెరమీదే చూపాడు. అందులో అతని భార్య, ఎడిటర్ ఎలిజవేతా స్విలోవా బల్ల దగ్గర కూర్చుని ఫిల్ము ముక్కలను ఎంచి అతుకుతూ కనిపిస్తుంది. కెమెరా తెచ్చినదానికి ప్రాణం పోసే మనిషి ఆమె. తీసిన కన్ను వేరు, కూర్చే కన్ను వేరు.

ఒక్కరే రెండు పనులూ చేస్తున్నప్పుడు ఆ రెండో కన్నును తెచ్చుకునే దారులున్నాయి. కూర్పును కొన్నాళ్లు మూసిపెట్టి మళ్లీ తెరవడం. శబ్దం ఆపేసి బొమ్మ మాత్రం చూడడం, బొమ్మ ఆపేసి శబ్దం మాత్రం వినడం. విషయం ఏమీ తెలియని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లేమీ అనకపోయినా వాళ్లు ఎప్పుడు ఫోను వైపు చూశారో గమనించడం. పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు, మన సినిమాలోని బరువైన చోట్లు మనకే తెలిసిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష, సినిమాలో ఉన్నవాళ్లకు దాన్ని చూపించడం. ఫైనల్ కట్‌కు ముందే, మార్పుకు ఇంకా చోటుండగానే చూపించాలి. కార్మికుల సినిమాకు ఇది మర్యాద మాత్రమే కాదు, భద్రత కూడా. కాంట్రాక్టు పనిలో ఉన్న యువతి కెమెరా ముందు ధైర్యంగా మాట్లాడి ఉండవచ్చు. తెరమీద తన ముఖం చూసుకున్నాక, ఇది సూపర్‌వైజర్ చూస్తే నా పని ఏమవుతుందని ఆమెకు అప్పుడే తడుతుంది. ముఖం కనిపించకుండా చేయమంటే చేయాలి, మాట తీసేయమంటే తీసేయాలి. ఆమె ఉద్యోగం కన్నా మన షాటు గొప్పది కాదు. వాళ్లు చెప్పే దిద్దుబాట్లలో వాస్తవం తప్పైతే తప్పక సరిదిద్దాలి. అభిప్రాయభేదమైతే ఇద్దరి మాటా సినిమాలో చోటు చేసుకోవాలి. అధికారంలో ఉన్నవాళ్ల తప్పు దాచమని అడిగితే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు.

సబ్‌టైటిళ్లు కూడా ఆ ప్రదర్శన తర్వాతే ఖాయం చేసుకోవాలి. రెండు వరుసలు మించకుండా, చదవడానికి తీరిక ఇస్తూ, కోత దాటి తర్వాతి షాటు మీదికి పాకకుండా ఉండాలి. తెలుగు క్రియ చివర వస్తుంది కాబట్టి, అనువాదంలో ఫలితం ముందే చెప్పేస్తే మాట్లాడే మనిషి ముఖంలో అది కనిపించకముందే తెరమీద చదివేస్తారు. అలాంటి చోట సబ్‌టైటిల్‌ను రెండుగా విరిచి రెండోదాన్ని కాస్త ఆపాలి.

ఎందుకు ఇంత శ్రమ

హైదరాబాద్ మతకల్లోలాల మీద దీపా ధన్‌రాజ్ తీసిన, 1986లో వచ్చిన ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ చిత్రాన్ని దశాబ్దాల తర్వాత బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ పునరుద్ధరించింది. కర్ఫ్యూలో చిక్కుకున్న పాతబస్తీ మనుషుల గొంతులు ఈ తరానికి మళ్లీ వినిపిస్తున్నాయంటే, ఆనాడు ఎవరో వాటిని ఓపిగ్గా విని, సరైన వరుసలో నిలబెట్టడం వల్లే. ఆ రోజుల వార్తా దృశ్యాల్లో ఎన్నో చెదిరిపోయాయి. కూర్చిన సినిమా నిలిచింది.

నరసాపురం ఇప్పుడు వేగంగా మారుతున్న చోటు. హోండా మోటార్‌సైకిళ్ల కర్మాగారం 2013లో వచ్చింది. విస్ట్రాన్ కర్మాగారం 2023లో టాటాల చేతికి వెళ్లింది. పొలాలు షెడ్లవుతున్నాయి, రైతుల పిల్లలు షిఫ్టు బస్సులు ఎక్కుతున్నారు, చెరువుల్లో కొత్త నీళ్లున్నాయి. ఇదంతా వేల ఫోన్లలో ఇప్పటికే రికార్డై ఉంది. అక్కడక్కడా ముక్కలుగా ఉన్నంతకాలం అవి ఏ వాదాన్నీ నిలబెట్టలేవు, ఎవరి జ్ఞాపకాన్నీ కాపాడలేవు. వాటిని వినే మనిషి కావాలి, ఆ మనిషికి కోలారు తెలుగులో ‘గానీ’ ముందు వచ్చే విరామం తెలిసి ఉండాలి.

ఈ విద్య నేర్చుకోవడానికి పూణె, చెన్నై వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. జిల్లా గ్రంథాలయంలో ఒక మంచి కంప్యూటర్, రెండు హెడ్‌ఫోన్లు, కొన్ని డిస్కులు పెట్టి, కాలేజీ పిల్లలకు వారానికొక సాయంత్రం కేటాయిస్తే మొదలవుతుంది. వాళ్లకు మొదటి పాఠంగా సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పక్కర్లేదు. ఇంట్లో అవ్వను గంటసేపు మాట్లాడించి, ఆ గంటను ఆమె మాట చెడకుండా అయిదు నిమిషాలు చేసి, ఆమెకే చూపించి రమ్మనాలి. అవ్వ అవునంటే ఆ పిల్లలు ఎడిటర్లయినట్టే.